మామయ్యగారి ఒరిజినల్ బండి

ఆ ఎండాకాలం మా అత్తయ్య గొంతులోకి ముద్ద దిగే చోటు ఒక్కటే ఉండేది. మామయ్యగారి పాత కారులో ముందు సీటు. అది కూడా బండి కదులుతుంటేనే.

ఇంట్లో ఆవిడకి ఏదీ గుర్తుండేది కాదు. వంటగది ఎవరిదో అనుకునేది. కడుపున పుట్టిన కొడుకుని, అంటే మా ఆయన్ని, "మీటరు చూడ్డానికొచ్చారా బాబూ, వెనకవైపు ఉంది" అని మర్యాదగా పంపించేసేది. మామయ్య గదిలోకొస్తే గోడవైపు తిరిగి పడుకునేది, ఎవరో పరాయి మగాడు వచ్చాడని. కంచం ఎదురుగా పెడితే పెదవులు బిగించేది. బతిమాలినా, బుజ్జగించినా, నేను గద్దించినా అంతే. నాకు గద్దించడం బాగా వచ్చు, అయినా ఆవిడ దగ్గర నా ఆటలు సాగలేదు.

సాయంత్రం మామయ్య షెడ్డులోంచి కారు తీసి హారన్ కొట్టేవారు. అంతే, అత్తయ్య లేచి జుట్టు సర్దుకునేది. ముందు సీట్లో కూర్చుని, కిటికీ పిడి గిరగిరా తిప్పి అద్దం దించి, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించేది. ఇంజన్ వణుకు ఆ చేతిలోకి ఎక్కగానే పక్కనున్న మనిషి ఆవిడకి మొగుడైపోయేవాడు. "ఏవండీ, ఎందుకంత తొందర? ఎవరు తరుముతున్నారు?" అనేది. మామయ్య ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, వెనక సీట్లోంచి నేను కలిపి అందించిన ముద్దలు ఇంకో చేత్తో ఆవిడ నోట్లో పెట్టేవారు. ఇళ్లు పలచబడ్డ ఖాళీ రోడ్ల మీద, నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోయేంత మెల్లిగా, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిరిగేవాళ్లం.

"ఏమోయ్, ఇంకో ముద్ద," అనేవారు మామయ్య.

"మీరు తిన్నారా?" అని అడిగేది ఆవిడ.

ఆ ఒక్క మాట కోసం ఆయన తెల్లారిన దగ్గర్నుంచి ఎదురుచూసేవారు.

బండి సంగతి కూడా చెప్పాలి. అది మా ఆయన కన్నా వయసులో పెద్దది, పట్టింపుల్లో ఇంకా పెద్దది. దాని గురించి మామయ్యకున్న గర్వం అంతా ఇంతా కాదు. "స్క్రూతో సహా ఒరిజినల్" అనేది ఆయన ఊతపదం. పెళ్లయిన కొత్తలో నాకు ఇల్లు చూపించే ముందు షెడ్డు చూపించారు. పాత కార్ల సంఘం వాళ్లిచ్చిన షీల్డు మా హాల్లో అందరి ఫొటోల కన్నా ఎత్తులో ఉంటుంది. బానెట్ మాత్రం ఎవరినీ ఎత్తనిచ్చేవారు కాదు. ప్రదర్శనల్లో ఎవరైనా అడిగితే, "పెద్దవాళ్ల చొక్కా విప్పి చూస్తారటయ్యా?" అని నవ్వించి తప్పించుకునేవారు. నట్టు బిగించాలన్నా, ఆయిల్ పోయాలన్నా షెడ్డు తలుపు మూసుకుని తానే చేసుకునేవారు. మేమంతా అది ప్రేమ అనుకునేవాళ్లం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఓ సాయంత్రం బండి రెండుసార్లు దగ్గి, రోడ్డు మధ్యలో ఆగిపోయింది. అత్తయ్య నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీసేసి, మామయ్యని ఎగాదిగా చూసి, తలుపు పిడి కోసం తడుముకోవడం మొదలుపెట్టింది. "దించండి! నన్ను దించండి!" అని ఒకటే కేకలు. ముద్ద నా చేతిలోకి ఉమ్మేసింది.

ఫ్యూయల్ పంపు పోయిందన్నారు మామయ్య. ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఇంజనుకి అందించే వస్తువు, మహా అయితే పిడికిలంత ఉంటుంది. దాని లోపలి రబ్బరు పొర చిరిగిందట. షెడ్డు తలుపు వేసుకుని సైకిల్ ట్యూబు కత్తిరించి కొత్త పొర వేశారు. ఒక పూట నడిచింది. ఆ పూట అత్తయ్య గిన్నె ఖాళీ చేసింది. తర్వాత పెట్రోలు ఆ ట్యూబు ముక్కని తినేసింది, బండి మళ్లీ మూలపడింది.

మర్నాడే ఇద్దరం కంపెనీ షోరూంకి వెళ్లాం. మామయ్య బండి తయారుచేసింది ఆ కంపెనీయే. పేరు అదే ఉంది, మిగతాదంతా మారిపోయింది. తలుపు దానంతటదే తెరుచుకుంది, లోపల చల్లగా, కాలు పెడితే జారేలా ఉంది. టోకెన్ తీసుకుని మెత్తటి కుర్చీల్లో కూర్చోవాలి. స్పేర్ పార్టుల కౌంటరు అన్నిటికన్నా వెనక, మెట్ల కింద. అక్కడున్న మనిషికి నేను మనసులో సిస్టంగారు అని పేరు పెట్టుకున్నాను, ఏమడిగినా ముందు ఆ మాటే వచ్చేది కాబట్టి.

"చాసిస్ నంబర్ చెప్పండి సార్."

మామయ్య ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పారు.

"ఊఁ, ఇంకా?"

"ఇంకా ఏంటి? అంతే."

"సిస్టం ఇంకా పొడుగు నంబర్ అడుగుతోంది సార్. ఇంత చిన్నది తీసుకోదు."

"అప్పట్లో నంబర్లు అంతే ఉండేవి నాయనా."

ఆయన మళ్లీ ఏదో కొట్టి, తెరవంక చూసి పెదవి విరిచాడు. "సిస్టంలో అసలు ఈ మోడలే లేదు సార్."

"మీ సిస్టంలో లేదేమో. మా ఇంట్లో ఉంది."

మామయ్య గొంతు పెరుగుతోంది. నేను అందుకున్నాను. "నంబర్ సంగతి వదిలేయండి బాబూ. పాడైపోయిన పంపు తెచ్చి చూపిస్తే, అలాంటిదే వెతికి ఇవ్వగలరా?"

సిస్టంగారు మొదటిసారి తెర మీంచి కళ్లెత్తాడు. "సాంపిల్ ఉంటే ఇంకా మంచిది మేడమ్."

"సాంపిల్ అక్కర్లేదు," అన్నారు మామయ్య ఠక్కున. "బండి స్క్రూతో సహా ఒరిజినల్. మోడల్ పేరూ సంవత్సరం చెబితే చాలు."

సిస్టంగారు పాపం ఎవరెవరికో ఫోన్లు చేశాడు. చివరికి ఏదో దూరపు గోదాములో, ఆ సంవత్సరం బండిది ఒకే ఒక్క పంపు పడి ఉందని తేలింది. తెప్పిస్తామన్నాడు. ఎన్నాళ్లు పడుతుందని అడిగాను.

"సిస్టం చెప్పదు మేడమ్," అన్నాడు.

బయటికొస్తుంటే కొత్త కార్లమ్మే అమ్మాయి ఎదురొచ్చింది. పాత బండి మార్చుకుంటారా అని అడిగి, మామయ్య చూపు చూసి నాలుక కరుచుకుంది. టెస్ట్ డ్రైవ్‌కి కారు ఇంటికే పంపిస్తామని నా చేతిలో కాగితం పెట్టింది. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తయ్యకి కావలసింది కదిలే కారే అయితే, ఏ కారైతేనేం?

షోరూం అమ్మాయి తెల్లటి కారు తీసుకొచ్చింది. అద్దంలా ఉంది. అత్తయ్యని చెయ్యి పట్టుకుని నడిపించి ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆవిడ కిటికీ పిడి కోసం తలుపంతా తడిమింది. పిడి లేదు. డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టింది. వణుకు లేదు. బండి స్టార్టయిందో లేదో నాకే తెలియలేదు. ఆవిడ చెయ్యి తగిలి తెర వెలిగింది, లోపల్నుంచి ఒక ఆడగొంతు సీటు బెల్టు పెట్టుకోమంది.

అత్తయ్య మొహం పాలిపోయింది. "ఎవరో ఇరుక్కుపోయారు," అంది. "ఏవమ్మా, ఎవరో ఆడకూతురు లోపల ఇరుక్కుపోయింది, తీయండి!"

"వాయిస్ ఆఫ్ చేయొచ్చు మేడమ్," అంది షోరూం అమ్మాయి, చేసేసింది.

గొంతు ఆగేసరికి అత్తయ్యకి భయం ఇంకా పెరిగింది. "అయ్యో, మాట పడిపోయింది, ఊపిరాడటం లేదేమో" అని ఏడుస్తూ, గోళ్లతో ఆ తెర అంచు పట్టుకుని పీకడం మొదలుపెట్టింది. ఆవిడ వేళ్లని మామయ్య ఒక్కొక్కటిగా విడిపించారు. ఆ పూట ఆవిడ నీళ్లు కూడా ముట్టలేదు.

ఇక అక్కడి నుంచి రోజులు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. నిద్రలో ఉండగా పెదవుల మధ్య చెంచాతో పళ్లరసం పోసేదాన్ని. సగం పక్కలోకి పోయేది. వేలి ఉంగరం జారిపోతుంటే దారం చుట్టాను. దారం మీద దారం చుట్టాల్సి వచ్చింది. షోరూంకి ఫోన్ చేస్తే పాట వినిపించేది, పాట అయ్యాక సిస్టంగారు "దారిలో ఉంది మేడమ్" అనేవాడు. మామయ్య కాళ్లరిగేలా పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, సాయంత్రానికి మసి చేతులతో, ఉత్త చేతులతో వచ్చేవారు. ఎక్కడికీ ఆ పాడైన పంపుని మాత్రం తీసుకెళ్లేవారు కాదు. దాన్ని గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టె అడుగున పెట్టేశారు.

డాక్టరు ఇంటికొచ్చి చూశాడు. "ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాలి," అన్నాడు. "ఈ స్థితిలో ఉన్నవాళ్లు గొట్టం లాగేసుకుంటారు. చేతులు మంచానికి కట్టాల్సి ఉంటుంది."

"కట్టడమా?" అన్నారు మామయ్య. ఆ ఒక్క మాటే రెండుమూడుసార్లు అన్నారు.

డాక్టరు గడప దాటాడో లేదో మా ఆయన, మామయ్య మీద విరుచుకుపడ్డాడు. "నాన్నా, ఎవరో ఒక మెకానిక్‌ని పిలుద్దాం. ఇప్పటి రకం పంపు ఏదో ఒకటి తగిలిస్తాడు. నడిస్తే చాలు కదా!"

"నా బానెట్ ఎవరూ ఎత్తక్కర్లేదు. పార్టు వస్తోంది."

"అమ్మ పోయేలా ఉంది నాన్నా!"

"వస్తోందన్నాను కదరా!" అని అరిచి, షెడ్డులోకి పోయి తలుపేసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. లోపల అత్తయ్య ఎముకల గూడై పడి ఉంది, ఈయనకి చూస్తే బానెట్ పరువు. ఆ పూట ఆయనకి కంచం పెట్టి, పిలవకుండా వెళ్లిపోయాను.

చివరికి పంపు వచ్చింది. పసుపుపచ్చబడ్డ కాగితంలో చుట్టి, గ్రీజు పూసి, నిన్ననే తయారైనట్టు ఉంది. మామయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చారు. నేను గిన్నెలో అన్నం కలిపి, అత్తయ్యకి జుట్టు దువ్వి, షెడ్డు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. లోపల్నుంచి స్పానర్ చప్పుడు వచ్చింది. కాసేపటికి ఆకురాయి చప్పుడు మొదలైంది. ఇనుము మీద ఇనుము రాసే ఆ గరగర ఎంతకీ ఆగలేదు. అత్తయ్య కుర్చీలోనే తల వాల్చేసింది.

తలుపు తీసి మామయ్య గుమ్మంలో నిలబడ్డారు. "కూర్చోవడం లేదమ్మా. పంపుకి ఇంజన్ లోపలికి వెళ్లే ఇనప చెయ్యి ఉంటుంది. అది అందడం లేదు."

"మన బండిదే కదా మామయ్యా? అదే మోడల్, అదే సంవత్సరం..."

"పాత స్టాకు కదా. తేడా వచ్చుంటుంది," అన్నారు, నా మొహం చూడకుండా.

అప్పుడు మా ఆయన చొక్కా చేతులు మడిచి, "ఇంజన్ లేకపోతే పోయె. తోద్దాం," అన్నాడు.

నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. నాకు బండి తోలడం రాదు, తిన్నగా పట్టుకుంటే చాలన్నారు. అత్తయ్య పక్క సీట్లో, గిన్నె మా ఇద్దరి మధ్య. వెనక మా ఆయనా మామయ్యా భుజాలు ఆనించి తోస్తున్నారు. వీధివాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. ఒకాయన చేతిలో సంచీ కింద పెట్టి తానూ ఒక చెయ్యి వేశాడు. చక్రాలు గులకరాళ్ల మీద దొర్లుతుంటే డాష్‌బోర్డు కాస్త అదిరింది. అత్తయ్య ఎవరూ చెప్పకుండానే అరచెయ్యి తెచ్చి దాని మీద పెట్టింది. నేను ముద్ద అందించాను. నోరు తెరిచింది.

రెండో ముద్ద కూడా మింగింది.

"ఇంత మెల్లిగా పోతోందేం?" అంది.

"రోడ్డు బాలేదత్తయ్యా."

ఆవిడ వెనక్కి తొంగిచూసి, నావైపు వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మాయ్, నీతో ఒక మాట. ఎవరితోనూ అనకు."

"అనను, చెప్పండి."

"ఇది కూరగాయల వ్యాన్ ఇంజన్. దీని అసలు ఇంజన్ పగిలిపోతే, ఈయన ఎక్కడో పడున్న వ్యాన్‌లోంచి తీసి పెట్టుకొచ్చారు. అందుకే ఎండలకి మొండికేస్తుంది. పైకి మాత్రం ఒరిజినల్ ఒరిజినల్ అని ఒకటే గొప్పలు." కిసుక్కున నవ్వింది. "పోనీలే, చెప్పుకోనీ. మనకేం పోయింది?"

అద్దంలో మామయ్య కనిపిస్తున్నారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, తల వంచుకుని తోస్తున్నారు. నేను ఇంకో ముద్ద పెట్టాను. ఈలోగా రోడ్డు ఎత్తు ఎక్కింది, బండి ఆగింది, అత్తయ్య నోరు మూసేసుకుంది.

ఆవిడని పడుకోబెట్టి తిన్నగా షెడ్డులోకి వెళ్లాను.

"మామయ్యా, ఆ పాత పంపు ఇలా ఇవ్వండి. షోరూంకి తీసుకెళ్తాను."

"సాంపిల్ అక్కర్లేదని చెప్పాను కదమ్మా."

"వ్యాన్‌ది కావాలంటే చూపించాలి కదా."

చేతులు తుడుచుకుంటున్న మనిషి అలాగే ఆగిపోయారు. బుకాయిస్తారనుకున్నాను, కేకలేస్తారనుకున్నాను. దేనికైనా సిద్ధపడే వెళ్లాను.

"ఎవరు చెప్పారు?"

"అత్తయ్య."

"ఎప్పుడో చెప్పిందా నీకు?"

"ఇందాక. మీరు వెనక తోస్తున్నప్పుడు."

ఆయన పనిముట్ల పెట్టె మీద కూలబడ్డారు. "దానికి గుర్తుందా?" అన్నారు. "అమ్మాయ్, నిజంగా దానికి గుర్తుందా? మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు. రాత్రంతా లాంతరు పట్టుకుని పక్కనే నిలబడింది..." మొహం నిండా నవ్వు, కళ్ల నిండా నీళ్లు.

నాకు జాలేసింది, అయినా అడగకుండా ఉండలేకపోయాను. "మరి మొదటి రోజే ఆ మాట చెప్పి ఉంటే?"

"చెబుదామనే నోరు తెరిచానమ్మా. ఇన్నేళ్లు చెప్పి చెప్పి, నోరు తెరిస్తే ఒరిజినల్ అనే వచ్చింది. రెండూ ఆ కంపెనీవే కదా, తేడా వెంట్రుకవాసి ఉంటుందిలే, ఆకురాయితో రాసి కూర్చోబెట్టేద్దాం అనుకున్నాను." గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. "నేనూ వస్తాను పద. నేనే చెప్పాలి."

షోరూంలో ఆ రోజే పాత కార్ల సంఘం కార్యదర్శి ఏదో పని మీద వచ్చి కూర్చుని ఉన్నాడు. "ఏం గురువుగారూ, మీ ఒరిజినల్‌కి ఏమొచ్చింది?" అని దూరం నుంచే పలకరించాడు.

"ఒరిజినల్ కాదయ్యా," అన్నారు మామయ్య, కౌంటరు దగ్గర మూట విప్పుతూ. "అందులో ఉన్నది కూరగాయల వ్యాన్ ఇంజన్."

కార్యదర్శి పడీపడీ నవ్వాడు. "మీ వేళాకోళం మీది!" అన్నాడు. మామయ్య నవ్వలేదు. కాసేపటికి అతను కూడా నవ్వు ఆపేసి టోకెన్ చూసుకున్నాడు.

సిస్టంగారు పంపుని చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూశాడు. కీబోర్డు ముట్టుకోలేదు. కుర్చీలోంచి లేవను కూడా లేవకుండా, వెనక అలమరలోంచి ఒక డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇదా సార్? ఇది ఎప్పుడూ ఉంటుంది. ఆ వ్యాన్లు ఇంకా తిరుగుతున్నాయి కదా."

మొదటి రోజు మేము ఆ అలమర ఎదురుగానే నిలబడి బతిమాలాం. మామయ్య కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయారు. "ఇంకేమైనా కావాలా సార్?" అని సిస్టంగారు రెండోసారి అడగాల్సి వచ్చింది.

ఆ పూట షెడ్డు తలుపు మూయలేదు. బానెట్ పూర్తిగా ఎత్తి, మామయ్య కొడుకుని పిలిచి స్పానర్ చేతికిచ్చారు. నలభై దాటిన నా మొగుడు ఆ ఇంజన్‌ని చూడటం అదే మొదలు. పంపు చక్కగా కూర్చుంది. తాళం తిప్పగానే బండి గుర్రుమని లేచింది. మామయ్య హారన్ కొట్టారు.

అత్తయ్య లేవలేదు, జుట్టు సర్దుకోలేదు. అప్పటికి ఆవిడకి కూర్చునే ఓపిక కూడా లేదు. మా ఆయన ఎత్తుకొచ్చి ముందు సీట్లో పెట్టాడు. అద్దం నేనే దించాను. ఆవిడ చెయ్యి తీసి డాష్‌బోర్డు మీద నేనే పెట్టి, గిన్నెతో వెనక సీట్లో కూర్చున్నాను. మామయ్య బండి కదిలించారు.

మొదటి మలుపు తిరిగాక ఆవిడ వేళ్లు కదిలాయి. కళ్లు తెరిచింది. పక్కకి తిరిగి మామయ్యని చూసింది. ఏవండీ అనే పిలుపు కోసం ముగ్గురం కాచుకుని ఉన్నాం, ఇంటి గుమ్మంలో నిలబడ్డ మా ఆయనతో సహా.

"ఎవరు నువ్వు?" అంది.

మామయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఈ బండి మా ఆయనది. ఎవరినీ ముట్టుకోనివ్వరు. నీకెవరిచ్చారు?" ఆవిడ చెయ్యి డాష్‌బోర్డు వదిలి తలుపు పిడి వైపు పాకుతోంది. గొట్టం, మంచానికి కట్టిన చేతులు నా కళ్ల ముందు ఆడాయి. కేక వేయబోయాను.

"డ్రైవర్నమ్మగారూ," అన్నారు మామయ్య. "అయ్యగారే పంపించారు. మిమ్మల్ని కాస్త తిప్పి తీసుకురమ్మన్నారు."

"ఆయన రాలేదా?"

"పని తెమలలేదు. మీకు అన్నం పెట్టమని మరీ మరీ చెప్పారు."

అత్తయ్య చెయ్యి పిడి దగ్గరే ఆగింది. "ఆయన తిన్నారా?"

"తిన్నారమ్మగారూ."

అప్పుడు నోరు తెరిచింది. నేను ముద్దలు చిన్నవి చేసి అందిస్తున్నాను, ఆయన పెడుతున్నారు, ఆవిడ మెల్లిగా నములుతోంది. గిన్నె సగం దాకా వచ్చింది. ఎత్తు ఎక్కుతూ మామయ్య గేరు మార్చేసరికి ఇంజన్ గరగరమంది. అత్తయ్య చెవి అటు పెట్టి విని, ఆయనవైపు వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చూడు బాబూ, బండి తోలేవాడివి, నీకు తెలియాలని చెబుతున్నాను. ఇది వ్యాన్ ఇంజన్. నేను చెప్పానని మా ఆయనతో మాత్రం అనకు. చిన్నబుచ్చుకుంటారు."

వెనక సీట్లోంచి నాకు మామయ్య మొహం కనిపించదు.

"అననమ్మగారూ," అన్నారు ఆయన. "ఇంకో ముద్ద తీసుకోండి."